రోజూ వెంట ఉండే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా: ఎంచుకోవడం, వాడుకోవడం

రోజూ వెంట తీసుకువెళ్ళడానికి కెమెరా కొనదలచినవారు సాధారణంగా బాడీల (లెన్సు లేని కెమెరాల) బరువులు పోల్చి చూసి, వాటిలో తేలికైనదాన్ని ఎంచుకొని, లెన్సు సంగతి తరువాత ఆలోచించవచ్చునని వదిలేస్తారు. ఈ వరస తలకిందులు. సంచిలో చోటు తీసుకొనేదీ, చేతికి బరువయ్యేదీ బాడీ ఒక్కటే కాదు, లెన్సు బిగించిన తరువాత తయారయ్యే మొత్తం కెమెరా. సోనీ ఏ7సీ 2 బాడీ బ్యాటరీ, కార్డులతో కలిపి 514 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (బొమ్మను పట్టే పలక, 36×24 మి.మీ. పరిమాణంలోనిది) ఉన్న కెమెరాకు ఇది తక్కువ బరువే. కానీ దానికి అదే సంస్థ తయారుచేసే 24-70 ఎఫ్ 2.8 జీ మాస్టర్ రెండవ తరం లెన్సును బిగిస్తే మరో 695 గ్రాములు చేరి మొత్తం కిలో 200 గ్రాములు దాటిపోతుంది. (లెన్సు పేరులోని మి.మీ. అంకె దృశ్యం ఎంత దగ్గరగా కనిపిస్తుందో, ఎఫ్ అంకె ఎంత వెలుతురు లోపలికి వస్తుందో చెబుతుంది; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ.) అదే బాడీకి 173 గ్రాముల 40 మి.మీ. ఎఫ్ 2.5 లెన్సును పెట్టుకుంటే ఏడు వందల గ్రాములలోపే ఉంటుంది. ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎం5 బాడీకి (355 గ్రాములు) 84 గ్రాముల 27 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సును జతచేస్తే మొత్తం 440 గ్రాములను చేరదు.

నిజానికి బరువు కన్నా మందమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బాడీ ఎంత పలుచగా ఉన్నా, ముందుకు ఏడెనిమిది సెంటీమీటర్లు పొడుచుకువచ్చే లెన్సు తగిలించగానే అది చిన్న సంచిలో ఇమడదు. ఇమిడినా బయటికి తీసేటప్పుడు దేనికో ఒకదానికి తట్టుకుంటుంది. తీయడానికి తంటాలు పడవలసిన కెమెరా మొదటి వారం సంచిలోను, రెండవ నెల నుంచి అలమరలోను ఉంటుంది. అందుచేత ఎంపిక లెన్సుతో మొదలుపెట్టాలి.

లెన్సు ముందు, బాడీ తరువాత

డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సుకూ సెన్సర్‌కూ నడుమ అద్దం లేచి దిగడానికి ఖాళీ వదలవలసి ఉండేది. అందుకే లెన్సు బిగించే తలం నుంచి సెన్సర్ వరకు నికాన్ ఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్సు బిగించే అమరిక) 46.5 మి.మీ., క్యానన్ ఈఎఫ్ మౌంట్‌లో 44 మి.మీ. దూరం ఉండేది. అద్దం తొలగిపోయాక (మిర్రర్‌లెస్ అంటే ఇదే) ఆ దూరం నికాన్ జడ్‌లో 16, ఫుజీఫిల్మ్ ఎక్స్‌లో 17.7, సోనీ ఈలో 18, క్యానన్ ఆర్‌ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లకు తగ్గింది. 2008లో ప్యానసోనిక్ జీ1తో వచ్చిన ఈ మార్పు బాడీని సన్నబరిచింది గాని, లెన్సుల పరిమాణాన్ని అదే మేరకు తగ్గించలేకపోయింది. పెద్ద సెన్సర్ మూలమూలకూ పదునైన బొమ్మ పడాలన్నా, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) వెడల్పుగా తెరుచుకోవాలన్నా గాజు ఎక్కువగానే కావాలి. కాబట్టి ఎఫ్ 1.4 కావాలా, ఎఫ్ 2.8 చాలా అన్నది బొమ్మ అందానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, కెమెరా రోజూ వెంట వస్తుందా లేదా అన్న ప్రశ్న కూడా. నా మటుకు నాకు రోజువారీ వాడకానికి ఎఫ్ 2 నుంచి ఎఫ్ 2.8 మధ్య ఉన్న చిన్న ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) సరైన రాజీ అనిపిస్తుంది.

తరువాత తేల్చుకోవలసింది దృశ్యకోణం. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 28 మి.మీ. లెన్సు మూల నుంచి మూలకు సుమారు 75 డిగ్రీలు, 35 మి.మీ. 63 డిగ్రీలు, 50 మి.మీ. 47 డిగ్రీలు చూపిస్తుంది. చిన్న సెన్సర్ల మీద ఇదే కోణం కావాలంటే ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు మి.మీ. అంకెను) క్రాప్ ఫ్యాక్టర్‌తో (సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కన్నా ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకెతో) భాగించుకోవాలి: ఏపీఎస్-సీ అనే సెన్సర్‌కు 1.5 (క్యానన్‌లో 1.6), ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2. అంటే 35 మి.మీ. దృశ్యం కోసం ఫుజీఫిల్మ్‌లో 23 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17 మి.మీ. లెన్సు చూసుకోవాలి. వీటిలో మీకు ఏది నప్పుతుందో తెలుసుకోవడానికి ముందుగానే డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. చేతిలో ఉన్న ఫోను ప్రధాన కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మి.మీ. దృశ్యాన్ని ఇస్తుంది, దానిని రెండింతలు దగ్గరికి లాగితే దాదాపు 50 మి.మీ. అవుతుంది. గడచిన ఏడాదిలో ఫోనుతో తీసిన వాటిలో మీకు నచ్చిన బొమ్మలను వరసగా చూడండి. ఎక్కువ బొమ్మల అంచులు కత్తిరించి ఉంటే, లేదా దగ్గరికి లాగి తీసినవే ఎక్కువగా ఉంటే మీ చూపు 40 లేదా 50 మి.మీ. వైపు మొగ్గుతోందని అర్థం. గదిలో కూర్చున్నవారిని, ఇరుకు సందులను, వంటింటి బల్లను చుట్టూ ఉన్న పరిసరాలతో సహా తీసినవి ఎక్కువగా ఉంటే 28 లేదా 35 మంచిది.

జూమ్ కావాలనుకొనేవారికి కూడా దారి ఉంది. ప్యానసోనిక్ 12-32 మి.మీ. లెన్సు 70 గ్రాములు, ఒలింపస్ 14-42 ఈజడ్ 93 గ్రాములు, సోనీ 16-50 పవర్ జూమ్ 116 గ్రాములు. ఇవన్నీ ముడుచుకున్నప్పుడు పాన్‌కేక్ లెన్సులంత (బిళ్ళలా పలుచగా ఉండేవాటంత) సన్నగా ఉంటాయి. వీటికి రెండు లోపాలున్నాయి. వెలుతురు తక్కువైన చోట ఎఫ్ 3.5 నుంచి 5.6 వరకు ఉండే అపెర్చర్ చాలదు. రెండవది, వాడకంలోకి వచ్చాక గాని తెలియనిది: ముడుచుకొనే లెన్సు తెరుచుకోవడానికి సమయం పడుతుంది. మోటారుతో కదిలేవి స్విచ్ వేసిన తరువాత బయటికి వస్తాయి, ప్యానసోనిక్ లెన్సునయితే చేత్తో తిప్పి తెరవాలి. ఒక్క క్షణమే కావచ్చు, కానీ రోజువారీ బొమ్మల్లో సగం ఆ క్షణంలోనే జరిగిపోతాయి. సిగ్మా 18-50 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సు ఏపీఎస్-సీ కెమెరాలకు మధ్యేమార్గం. 290 గ్రాముల బరువుకు అంతటా ఎఫ్ 2.8 ఇస్తుంది. అయితే దాని పొడవు ఏడు సెంటీమీటర్లు దాటుతుంది కనుక సంచి దానికి తగినట్లు ఉండాలి.

సెన్సర్ పరిమాణం: ఎంత కావాలి?

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. విస్తీర్ణాలుగా చూస్తే 864, 367, 225 చదరపు మిల్లీమీటర్లు. ఒకే అపెర్చర్, ఒకే షట్టర్ వేగం (సెన్సర్ మీద వెలుతురు పడే సమయం) వద్ద ఫుల్ ఫ్రేమ్ మీద పడే మొత్తం కాంతి మైక్రో ఫోర్ థర్డ్స్ మీద పడేదానికి దాదాపు నాలుగింతలు, అంటే సుమారు రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెండింతలు). ఏపీఎస్-సీకీ మైక్రో ఫోర్ థర్డ్స్‌కూ తేడా మాత్రం ఒక స్టాపులో మూడింట రెండు వంతులే. ఆ తేడా కోసం ఒక వ్యవస్థను వదిలి మరొక దానికి మారడం దండగ. నేపథ్యం మసకబారే తీరుకూ ఇదే లెక్క: మైక్రో ఫోర్ థర్డ్స్ మీద ఎఫ్ 1.8 ఇచ్చే లోతు (స్పష్టంగా కనిపించే దూరాల మేర), ఒకే దృశ్యకోణానికి, ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 3.6 ఇచ్చే లోతుతో సమానం. రోజువారీ బొమ్మలకు ఇది లోపం కానక్కరలేదు. బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి ముఖాలూ స్పష్టంగా రావాలంటే ఎక్కువ లోతే మేలు.

ఇక్కడ ఫోను సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఇటీవలి ఫోన్లు అనేక ఫ్రేములను వెంటవెంటనే తీసి, కలిపి, నాయిస్‌ను (బొమ్మ మీద చల్లినట్లు కనిపించే చుక్కలను) తగ్గించి ఒక బొమ్మగా చూపిస్తాయి. పగటి వెలుతురులో, చిన్న తెర మీద చూసినప్పుడు వాటికీ కెమెరా బొమ్మలకూ తేడా పట్టుకోవడం కష్టం. కెమెరా ముందంజ వేసేది కదిలే మనుషుల దగ్గర, గది వెలుతురులో, పెద్దగా ముద్రించినప్పుడు, రా ఫైలును (సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని మార్చకుండా భద్రపరిచే ఫైలును) తరువాత దిద్దుకొనేటప్పుడు. వీటన్నిటికీ మించి, వేళ్ళకు అందే డయళ్ళతో బొమ్మను తీసే ముందే నిర్ణయించుకోగలగడంలో. ఈ చివరిది మీకు పట్టకపోతే ఫోనే చాలు, కొత్త కెమెరా అక్కరలేదు.

మెగాపిక్సెళ్ళ విషయం ఒక్క మాటలో ముగించవచ్చు. 24 మెగాపిక్సెళ్ళ ఫైలు 6000×4000 పిక్సెళ్ళు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. రోజువారీ బొమ్మలకు అది చాలు.

బాడీలో చూడవలసినవి

కాగితం మీది జాబితాలో కనబడని విషయం పట్టు. చిన్న బాడీలలో చాలావాటికి ముందువైపు పట్టుకొనే ఉబ్బు ఉండదు. బొటనవేలు ఆనడానికి వెనుక చిన్న అంచయినా ఉందేమో చూడాలి. కెమెరాను కుడిచేత్తో మాత్రమే పట్టుకొని, షట్టర్ మీద చూపుడు వేలు ఉంచి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (బొమ్మ వెలుగును పెంచి తగ్గించే అమరికను) బొటనవేలితో మార్చగలగాలి. అది కుదరని బాడీ మిగతా విషయాల్లో ఎంత గొప్పదైనా రోజువారీ పనికి తగదు.

వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) ఉండాలా వద్దా అన్నది అభిరుచికి వదిలేయవలసినదిగా కనిపిస్తుంది గాని, అది పూర్తిగా అలాంటిది కాదు. నికాన్ జడ్30, ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎం5, ఒలింపస్ ఈ-పీ7 వంటి వాటిలో వ్యూఫైండర్ లేదు. అందువల్లనే అవి అంత చిన్నవిగా ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండలో వెనుక తెర మీద ఫ్రేము అంచులు సరిగా కనిపించవు. కళ్ళజోడు లేకుండా దగ్గరి వస్తువులు కనబడనివారికి తెర మరింత ఇబ్బంది. వ్యూఫైండర్‌కయితే కంటికి తగినట్లు సరిచేసుకొనే చిన్న చక్రం ఉంటుంది. పైగా కంటికి ఆనించిన కెమెరా చేతుల చివర చాపి పట్టుకున్న కెమెరా కన్నా తక్కువ వణుకుతుంది. ఎక్కువగా ఆరుబయట తీసేవారు కొంచెం బరువు పెరిగినా వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోవడం మంచిది: సోనీ ఏ6400 (403 గ్రాములు), క్యానన్ ఆర్50 (375), ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 4 (383) ఈ కోవలోవి.

బాడీలోనే ఉండే స్టెబిలైజేషన్ విషయంలో ఒక అపోహ ప్రచారంలో ఉంది. అది సరిదిద్దేది మీ చేతి వణుకును మాత్రమే, ఎదురుగా ఉన్నవారి కదలికను కాదు. కాబట్టి రాత్రి వీధులు, భవనాలు, గది లోపలి నిశ్చల దృశ్యాలు తీసేవారికి దానివల్ల ఎంతో లాభం. 1/8 సెకను వద్ద కూడా పదునైన బొమ్మ వస్తుంది. పిల్లలనో పెంపుడు జంతువులనో తీసేవారికి దానికన్నా పెద్ద అపెర్చరే అక్కరకు వస్తుంది. ఈ-ఎం10 మార్క్ 4, సోనీ ఏ6700, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ50 బాడీలలో స్టెబిలైజేషన్ ఉంది. ఏ6400, ఆర్50, జడ్30లలో లేదు.

నీటి తుంపరల నుంచి రక్షణ అనేది బాడీకీ లెన్సుకూ రెండింటికీ ఉన్నప్పుడే రక్షణ. ఒకదానికి లేకపోతే మౌంట్ దగ్గరో లెన్సు గొట్టం దగ్గరో తేమకు దారి ఉన్నట్లే. చిన్న కెమెరాలలో ఓఎం సిస్టమ్ (ఒలింపస్ కెమెరాల కొత్త పేరు) ఓఎం-5 ఈ విషయంలో ప్రత్యేకం. రక్షణ ఉన్న లెన్సుతో కలిపితే దానికి ఐపీ53 గుర్తింపు (దుమ్ము, నీటి తుంపరల నుంచి రక్షణ స్థాయిని తెలిపేది) ఉంది.

బ్యాటరీకి సంస్థలు ప్రకటించే అంకె సీపా (జపాన్ కెమెరా తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం కొలిచినది. ఏ6400కు తెరతో 410, వ్యూఫైండర్‌తో 360 బొమ్మలని చెబుతారు. వరసగా తీసేవారికి అంతకన్నా ఎక్కువే వస్తాయి. మాటిమాటికీ స్విచ్ వేసి, తెర మీద పాత బొమ్మలు చూసుకొనేవారికి తక్కువ వస్తాయి. ఒక అదనపు బ్యాటరీ, యూఎస్‌బీ-సీ ద్వారా బాడీలోనే చార్జింగ్ అయ్యే సౌకర్యం ఉంటే దీని గురించి మరి ఆలోచించనక్కరలేదు.

బాడీ కొనేటప్పుడు మౌంట్ భవిష్యత్తునూ చూడాలి, ఎందుకంటే బాడీ మారినా లెన్సులు మిగులుతాయి. 2011లో మొదలైన నికాన్ 1 వ్యవస్థ 2018లో ఆగిపోయింది. 2012లో వచ్చిన క్యానన్ ఈఓఎస్ ఎం వ్యవస్థ 2023లో ముగిసింది. దాని మౌంట్ నుంచి సెన్సర్‌కు దూరం 18 మి.మీ., ఆర్‌ఎఫ్‌లో 20 మి.మీ. కావడం వల్ల పాత లెన్సులను కొత్త బాడీలకు అడాప్టర్‌తో తగిలించే అవకాశం కూడా లేకుండా పోయింది. ఇలా ఆగిపోయిన వ్యవస్థల కెమెరాలు పాత సరుకుగా చవకగా దొరుకుతాయి, బొమ్మలూ బాగానే తీస్తాయి. ఒక బాడీ, ఒక లెన్సు కొని అక్కడితో ఆగగలిగేవారికి అవి మంచి బేరమే. లెన్సులు కూడబెట్టే అలవాటున్నవారికి కాదు. ఒలింపస్ కెమెరా వ్యాపారం 2021 జనవరిలో ఓఎం డిజిటల్ సొల్యూషన్స్‌కు బదిలీ అయినా, మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్ మాత్రం కొనసాగుతోంది.

పాతది కొనేటప్పుడు

చిన్న కెమెరాల విషయంలో పాతది కొనడాన్ని నేను సమర్థిస్తాను. 2013 నాటి ప్యానసోనిక్ జీఎం1 బ్యాటరీ, కార్డులతో 204 గ్రాములు మాత్రమే, లెన్సు మార్చుకోగల కెమెరాలలో అంత చిన్నవి అరుదు. అయితే చేతిలోకి తీసుకొని పరీక్షించకుండా డబ్బు ఇవ్వకూడదు. అపెర్చర్‌ను ఎఫ్ 16కు తగ్గించి, తెల్లని గోడనో మబ్బు లేని ఆకాశాన్నో ఫోకస్ లేకుండా తీసి, ఆ బొమ్మను పెద్దదిగా చేసి చూస్తే సెన్సర్ మీది మరకలు బయటపడతాయి. మెత్తటి మచ్చలయితే దుమ్ము, శుభ్రం చేయించవచ్చు. గీతలుగా కనిపిస్తే వదిలేయాలి. తరువాత లెన్సును విడదీసి, ఒక వైపు నుంచి టార్చి వేసి మరొక వైపు నుంచి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకూడదు. లెన్సు బిగించాక మౌంట్ దగ్గర ఊగులాట ఉందేమో, డయళ్ళు ఒక మెట్టు తిప్పితే ఒకే మెట్టు కదులుతున్నాయో లేక ఎగిరి దూకుతున్నాయో, బ్యాటరీ గదిలోని రాగి రేకుల మీద పచ్చటి పొర పట్టిందేమో చూడాలి. తెరను మడిచే రిబ్బను పాడైతే తెర ఒక కోణంలో వెలిగి మరొక కోణంలో ఆరిపోతుంది. అందుచేత దానిని చివరివరకు తిప్పి చూడటం మరవవద్దు.

మొదటి రోజే అమర్చుకోవలసినవి

కెమెరా ఇంటికి వచ్చిన రోజున ఒక గంట మెనూల కోసం కేటాయిస్తే, తరువాత నెలల తరబడి మెనూ తెరవవలసిన అవసరం రాదు. మోడ్ డయల్‌ను అపెర్చర్ ప్రయారిటీలో (అపెర్చర్‌ను మీరు, షట్టర్ వేగాన్ని కెమెరా నిర్ణయించే పద్ధతిలో) ఉంచండి. ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో పెట్టి గరిష్ఠ పరిమితిని 6400గా, కనిష్ఠ షట్టర్ వేగాన్ని 1/125 సెకనుగా నిర్ణయించండి. ఈ రెండవ పరిమితి చాలా ముఖ్యం. దీనిని కెమెరాకే వదిలేస్తే, ముఖ్యంగా స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాలలో, అది 1/30 వంటి వేగాలకు దిగిపోయి మాట్లాడుతున్న మనిషి పెదవులను, చేతులను మసకగా చేస్తుంది. ఐఎస్‌ఓ పెరగడం వల్ల వచ్చే నాయిస్‌ను తరువాత తగ్గించుకోవచ్చు, కదలిక వల్ల వచ్చిన మసకను ఎవరూ సరిచేయలేరు. పరుగెత్తే పిల్లలుంటే ఈ కనిష్ఠాన్ని 1/250కి పెంచాలి. 

డయల్ మీద సీ1, సీ2 అని ఉండే స్థానాలు చాలామంది ముట్టుకోకుండా వదిలేసేవి. వాటిలో మొదటిదానిలో పగటి అమరిక (ఎఫ్ 5.6, కనిష్ఠ వేగం 1/250), రెండవదానిలో రాత్రి అమరిక (లెన్సు పూర్తిగా తెరిచి, కనిష్ఠ వేగం 1/60, ఐఎస్‌ఓ పరిమితి 12800) భద్రపరిస్తే, తలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు ఒక్క మెట్టు తిప్పితే చాలు. ఫోకస్ దొరికినప్పుడు వచ్చే బీప్ శబ్దాన్ని, ముందువైపు వెలిగే నారింజ రంగు సహాయక దీపాన్ని ఆపివేయాలి. అవి ఎదుటివారికి చిరాకు కలిగించడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. తీసిన బొమ్మ తనంత తానే తెర మీద కనిపించే సదుపాయాన్ని కూడా తొలగించండి, లేకపోతే కళ్ళు దృశ్యం మీద కాక తెర మీద ఉంటాయి.

ఫైళ్ళను రా, జేపెగ్ రెండింటిలోనూ భద్రపరచుకోవడం నా సలహా. జేపెగ్‌ను వెంటనే ఫోనుకు పంపుకోవచ్చు; వెలుతురు చిక్కులు పెట్టిన బొమ్మలకు రా ఫైలు మిగిలి ఉంటుంది. మామూలు వాడకానికి వీ30 గుర్తు ఉన్న కార్డు (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలది) సరిపోతుంది. కొత్త కార్డును కంప్యూటర్‌లో కాక కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

తీసేటప్పుడు

మిర్రర్‌లెస్ కెమెరాలో అన్నిటికన్నా విలువైన సౌకర్యం, బొమ్మ ఎంత వెలుగుతో వస్తుందో తీయకముందే కనిపించడం. దానిని వాడుకోవాలంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్ మీద బొటనవేలు ఎప్పుడూ ఉండాలి. కెమెరా లోపలి మీటరు ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిద వెలుగుకు తేవాలని చూస్తుంది. అందుకే తెల్లని గోడ ముందు మనిషిని తీస్తే గోడ మురికిగా, మనిషి నల్లగా వస్తారు. అలాంటిచోట ఒక స్టాపు వరకు పెంచాలి. నల్లని నేపథ్యంలో, దీపం కింద ఉన్న ముఖానికి తగ్గించాలి. ఎండ, నీడ కలగలిసిన వీధుల్లో 0.3 నుంచి 0.7 స్టాపు తగ్గించి ఉంచితే ఆకాశం, తెల్ల చొక్కాలు వివరాలు కోల్పోకుండా ఉంటాయి. నీడలను రా ఫైలు నుంచి పైకి తీసుకురావచ్చు గాని, పూర్తిగా తెల్లబోయిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. జీబ్రా చారలను (మరీ తెల్లబోతున్న చోట్ల మీద కనిపించే చారలను) చూపించే సదుపాయం ఉంటే ఈ పని మరింత సులభమవుతుంది.

మనుషులను తీసేటప్పుడు కంటిని గుర్తించే ఆటోఫోకస్‌కు పని అప్పగించడమే మంచిది. గుంపులో మాత్రం అది తనకు తోచిన ముఖాన్ని ఎంచుకుంటుంది కనుక ఫోకస్ గడిని చిన్నది చేసి, ఎవరి మీద ఉండాలో మీరే నిర్ణయించండి. నడుస్తూ తీసే బొమ్మలకు మరొక పాత పద్ధతి ఉంది, అది ఎంత ఆధునికమైన ఆటోఫోకస్ కన్నా వేగవంతమైనది: ఫోకస్‌ను ముందే ఒక దూరానికి బిగించి ఉంచడం. ఏపీఎస్-సీ మీద 23 మి.మీ. లెన్సును ఎఫ్ 8లో పెట్టి సుమారు 3.3 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, 1.7 మీటర్ల నుంచి అనంతం వరకు అన్నీ ఆమోదయోగ్యమైన స్పష్టతతో వస్తాయి. మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 17 మి.మీ. లెన్సుకు ఎఫ్ 5.6 వద్దే ఇంచుమించు ఇంత లోతు లభిస్తుంది. ఒలింపస్ 17 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు ఫోకస్ రింగును వెనక్కి లాగితే దూరాల గుర్తులు కనబడతాయి. ఇలాంటి గుర్తులు లేని లెన్సులతో నాలుగు అడుగుల అవతల కాక, పది అడుగుల అవతల ఉన్న వస్తువు మీద ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చుకుంటే సరిపోతుంది. కొన్ని కెమెరాలు స్విచ్ ఆపగానే ఈ దూరాన్ని మరచిపోతాయి కనుక మళ్ళీ వేసినప్పుడు ఒకసారి సరిచూసుకోవాలి. ఈ లోతు కోసమని అపెర్చర్‌ను మరీ మూయవద్దు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్ 8 దాటాక, ఏపీఎస్-సీలో ఎఫ్ 11 దాటాక వివర్తనం (చిన్న రంధ్రం గుండా పోయే కాంతి చెదరడం) వల్ల బొమ్మ అంతా మెత్తబడుతుంది.

శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఎంతో ఆకర్షణీయంగా కనిపిస్తుంది, కానీ దాని హద్దులు తెలిసి వాడాలి. మామూలు సెన్సర్లు బొమ్మను పై వరస నుంచి కింది వరసకు క్రమంగా చదువుతాయి కనుక వేగంగా పోయే బండి ఒక పక్కకు ఒరిగినట్లు వస్తుంది. ఇంటి దీపాల కింద మరొక చిక్కు: విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ అయిన చోట దీపం సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ అయిన చోట 120 సార్లు మినుకుమంటుంది, దానివల్ల బొమ్మ మీద అడ్డంగా పట్టీలు పడతాయి. మొదటి సందర్భంలో 1/50 లేదా 1/100, రెండవదానిలో 1/60 లేదా 1/120 వేగం వాడితే చాలావరకు పోతాయి. పోకపోతే మెకానికల్ షట్టర్‌కు మారాలి. ఏ7సీ వంటి కొన్ని చిన్న బాడీలలో పూర్తి మెకానికల్ షట్టర్ ఉండదు, మొదటి తెర ఎలక్ట్రానిక్‌గానే పనిచేస్తుంది. వాటిలో అపెర్చర్ పూర్తిగా తెరిచి 1/2000 కన్నా ఎక్కువ వేగంతో తీస్తే నేపథ్యపు మసక వృత్తాలు అంచుల్లో తెగినట్లు కనిపించవచ్చు. 

తెలియని మనుషులను తీసేటప్పుడు చిన్న కెమెరా ఇచ్చే చాటును అలుసుగా తీసుకోకూడదు. కళ్ళు కలిసినప్పుడు తల పంకించడం, వద్దన్నవారి బొమ్మను వారి ముందే తొలగించడం కనీస మర్యాద.

మోయడం, కాపాడడం

మెడలో వేలాడే పట్టీ కన్నా మణికట్టు పట్టీ రోజువారీ కెమెరాకు అనువైనది. సంచిలో చిక్కుపడదు, చేతిలోంచి జారినా కింద పడదు. సంచిలో కెమెరాకు ప్రత్యేకంగా ఒక అర ఉండాలి, అందులో తాళాలు, నాణేలు, చార్జర్లు చేరకూడదు. పెద్ద కెమెరా సంచి కొనే బదులు మీరు మామూలుగా వాడే సంచిలో అమిరే మెత్తని గుడ్డ తొడుగు కొనుక్కోండి. లెన్సు మూత విషయంలో పట్టింపు ఉన్నవారు మూతకు బదులు చిన్న లోహపు హుడ్‌ను (లెన్సు ముందు అంచుకు తొడిగే గొట్టాన్ని) బిగించుకోవచ్చు. వేలిముద్రల నుంచి, దెబ్బల నుంచి అది కాపాడుతుంది, తీయడానికి సమయం పట్టదు. ఒక్క జాగ్రత్త అవసరం: మిర్రర్‌లెస్ కెమెరాలో సెన్సర్‌కు అడ్డంగా అద్దం లేదు కనుక మూత లేని లెన్సు సూర్యుని వైపు చూస్తూ ఎక్కువసేపు ఎండలో ఉంటే, భూతద్దం కింద కాగితంలా సెన్సర్ గాని షట్టర్ తెర గాని కాలే ప్రమాదం ఉంది.

లెన్సు మార్చేటప్పుడు స్విచ్ ఆపి, బాడీ ముఖాన్ని నేలవైపు తిప్పి మార్చాలి. చాలా బాడీలలో స్విచ్ ఆపినా సెన్సర్ తెరిచే ఉంటుంది. దుమ్ము పడితే రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, డబ్బాలలో వచ్చే పీడన వాయువు వాడితే దాని ద్రవం సెన్సర్ మీద చిమ్ముతుంది. చల్లని గదిలోంచి వెచ్చని తేమ గాలిలోకి వెళ్ళేటప్పుడు కెమెరాను వెంటనే బయటికి తీయకుండా, సంచిలోనే కొంతసేపు ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి, లేకపోతే గాజు మీదే కాక లోపల కూడా తేమ చేరుతుంది. తేమ ఎక్కువగా ఉండే ప్రదేశాలలో నివసించేవారు వాడని రోజుల్లో కెమెరాను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే ఫంగస్ భయం తగ్గుతుంది. నెలల తరబడి పక్కన పెట్టే బ్యాటరీని సగం చార్జితో ఉంచడం మేలు.

రెండవ లెన్సు ఎప్పుడు?

మొదటి లెన్సుతో కొన్ని నెలలు గడపకముందే రెండవది కొనవద్దు. జూమ్‌తో మొదలుపెట్టినవారికి ఈ నిర్ణయం సులభం: బొమ్మలను సర్దుకొనే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఫోకల్ లెంగ్త్ ప్రకారం వడకడితే, మీరు నిజంగా వాడుతున్నది ఏదో అంకెల్లో కనబడుతుంది, చాలాసార్లు అది జూమ్ ఒక చివర దగ్గరే పోగుపడి ఉంటుంది. ఆ చివరి దగ్గర ఉండే ప్రైమ్ లెన్సే మీకు కావలసినది. ప్రైమ్‌తో మొదలుపెట్టినవారు తాము తీయలేక వదిలేసిన బొమ్మలను గుర్తుకు తెచ్చుకోవాలి. ముఖాలు దగ్గరగా కావాలనిపించి ఆగిన సందర్భాలు ఎక్కువైతే ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్ 1.8 (116 గ్రాములు) వంటి చిన్న పోర్ట్రెయిట్ లెన్సు, గోడకు ఆనుకొన్నా దృశ్యం పట్టని సందర్భాలు ఎక్కువైతే ప్యానసోనిక్ 14 మి.మీ. ఎఫ్ 2.5 (55 గ్రాములు) వంటి వెడల్పు లెన్సు తీసుకోవచ్చు. ఏది తీసుకున్నా దుకాణానికి రోజూ వాడే సంచిని వెంట తీసుకువెళ్ళి, అందులో కెమెరాతో పాటు అది కూడా పట్టి, సంచి మూత పడుతుందో లేదో అక్కడే చూసుకోండి.